డాక్టరు పిండి

అది 1932వ సంవత్సరం. గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. బరంపురంలో బడా బజార్‌కు దగ్గర్లో, ఒక బట్టల కొట్టు పక్క వాటాలో నా డిస్పెన్సరీ ఉండేది. ఎల్.ఎం.పి. వైద్య పరీక్ష పాసై ప్రాక్టీసు పెట్టి అప్పటికి ఆరేళ్ళు. ముందు గదిలో నా బల్ల, రోగులు కూర్చునే పొడుగాటి బెంచీ. వెనక గదిలో మందులు కలిపే కాంపౌండరు రఘునాథ్. అతనిది కటకం వైపు పల్లె. మా ఇద్దరి మాటలూ సగం తెలుగు, సగం ఒరియా. ఊళ్ళో నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో కాలేజీ కుర్రాళ్ళు చాలామంది దిగపహండి, చికిటి వైపు పల్లెల నుంచి వచ్చి, ఇద్దరు ముగ్గురు కలిసి గది అద్దెకు తీసుకుని చదువుకునేవారు. తెల్లవారగానే ఎవరింట్లోనో పిల్లలకు ట్యూషన్ చెప్పాలి. అక్కడి నుంచి పరుగున కాలేజీకి. సాయంత్రం ఇంకో ఇంట్లో ట్యూషన్. పొయ్యి రాజేసి, పప్పు ఉడికేదాకా దాని ముందు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. ఒక పూట హోటల్లో మరబియ్యపు అన్నం, నీళ్ళచారు. మిగతా పూటలకు మరమరాలు. కొన్నాళ్ళకు కాళ్ళకు నీరు పట్టి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చి నా దగ్గర తేలేవారు. దాన్ని బెరిబెరి అంటారు. పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికేవాళ్ళకు వచ్చే జబ్బు. మా జిల్లాలో అది ఎంత మామూలంటే, కాళ్ళు బరువు అన్న మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే చీటీ రాసేసేది.

ఆ ఏడు వానాకాలంలో, విద్యార్థులు నడుపుకునే రీడింగ్ రూములో నన్ను మాట్లాడమన్నారు. తీరిక లేనివాళ్ళు బలానికి ఏం తినాలి అన్న విషయం నేనే ఎంచుకున్నాను. ప్రోటీన్ అంటే ఏమిటో చెప్పాను. ఒంట్లో కండ కట్టడానికి కావలసిన సరుకు అది. మాంసం, గుడ్లు, పాలు తినలేని వాళ్ళకు పప్పుల్లో దొరుకుతుంది. తర్వాత తయారీ చెప్పాను.

"సెనగలు దోరగా వేయించండి. పెసలు వేయించండి. పొట్టు చెరిగి, మెత్తగా విసిరి డబ్బాలో పోసి పెట్టుకోండి. పొద్దున్నే నాలుగు గుప్పెళ్ళ పిండి పెద్ద గ్లాసుడు మజ్జిగలో కలిపి, ఇంత బెల్లం ముక్క నంజుకుంటే ఐదు నిమిషాల్లో భోజనం అయిపోతుంది. పొయ్యి అక్కర్లేదు, గిన్నెలు తోముకునే పనీ ఉండదు. ఉండలు కట్టుకుంటే కాలేజీకి కూడా తీసుకెళ్ళొచ్చు."

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఒరియా ఇళ్ళల్లో ఛతువా అని ఎప్పటి నుంచో ఉంది. మన ఇళ్ళల్లో సత్తుపిండి అంటాం. కానీ ఒక డాక్టరు చెప్పేసరికి కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో బక్కగా, పొడుగ్గా ఉన్న ఒకతను నా ప్రతి మాటా నోటుబుక్కులో రాసుకున్నాడు. అందరూ లేచాక దగ్గరికొచ్చాడు.

"రోజుకి ఎన్ని పూటలు తినొచ్చండి?"

"ఎన్ని పూటలైనా తినవోయ్, పప్పేగా!" అన్నాను.

అతని పేరు జగన్నాథం. ఇంటర్మీడియట్ రెండో ఏడు. దిగపహండి అవతల పల్లెలో బడిపంతులు గారి అబ్బాయి.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం జగన్నాథం డిస్పెన్సరీకి వచ్చాడు. ఆ రోజు బెంచీ నిండిపోయి, గుమ్మం బయట కూడా జనం నిలబడి ఉన్నారు. చాలాసేపు కూర్చున్నాక అతని వంతు వచ్చింది.

"ఏటోయ్, ఏటైంది?"

"కాల్లు బరువుగా ఉంటన్నాయండి. పొద్దున్న లెగ్గానే పిక్కలు పట్టేస్తన్నాయి. మెట్లు దిగేటప్పుడు మోకాల్లు ఒణుకుతన్నాయి."

మోకాలి కింది ఎముక మీద బొటనవేలితో నొక్కి చూశాను. నీరు పడితే అక్కడ గుంట పడుతుంది. పడిందో లేదో తెలియనంతగా పడింది. పడిందనే అనుకున్నాను.

"ఏం తింటన్నావు?"

అతని మొహం వెలిగిపోయింది. "మీరు సెప్పిన పిండేనండి. అమ్మ ఇంటికాడ సేసి పంపుతంది. రెండు పూటలా అదే. ట్యూషన్ నుంచి రావడం, కలుపుకుని తాగీడం, కాలేజీకి ఎల్లిపోడం. ఒక్క రోజు కూడా లేటవనేదండి."

"మరి అన్నం?"

"ఆదోరం ఆదోరం తింటన్నానండి."

నాకు సంతోషమైంది. నా మాట పట్టించుకున్న కుర్రాడు. బెరిబెరికి పప్పు మంచిదే. అందుకని, "ఆ హోటలన్నం అసలే మానెయ్. పిండి మూడు పూటలా తిను," అని చెప్పి, ఒక టానిక్ రాసి పంపేశాను. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మా పని తెలియని వాళ్ళకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో 'నీ జెర్క్' అనే మోకాలి పరీక్ష ఒకటి ఉంది. మనిషిని కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద చిన్న రబ్బరు సుత్తితో తడితే కాలు కాస్త ముందుకు ఎగురుతుంది. బెరిబెరిలో కాలి నరాలు నీరసించిపోతాయి కనక అది ఎగరదు. అర నిమిషం పని. సుత్తి నా బల్ల సొరుగులోనే ఉంది. ఆ రోజు తియ్యలేదు.

మూడు వారాల తర్వాత జగన్నాథం మళ్ళీ వచ్చాడు. మనిషి కనపడక ముందే చప్పుడు వినపడింది. గచ్చు మీద చెప్పుల ముందు భాగం ఈడ్చుకుంటున్న చప్పుడు. తలెత్తి చూశాను. ఒక చేత్తో గోడ, రెండో చేత్తో వెదురుకర్ర పట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. మడమలు నేలకు ఆనడం లేదు. వేళ్ళ మీదే నడుస్తున్నాడు. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, ఒక కాలు రెండో కాలికి అడ్డం పడుతోంది. బెంచీ మీద ఉన్నవాళ్ళు మాటలు ఆపేసి, జరిగి చోటిచ్చారు.

"మీరు సెప్పినట్టే మూడు పూటలా తిన్నానండి. అయినా తగ్గనేదు. ఇంకా ఎక్కువైంది," అన్నాడు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. తన వైపు నుంచి ఏమీ తక్కువ చెయ్యలేదని చెబుతున్నాడంతే.

బల్ల మీద కూర్చోబెట్టి, ఈసారి సుత్తి తీశాను. ఎగరదనే అనుకుంటూ మోకాలి కింద తట్టాను.

కాలు ఎగిరి తన్నింది. పక్కనున్న స్టూలు పడిపోయి, దాని మీది మందుసీసా గచ్చు మీద పగిలింది. జగన్నాథం తనే ఉలిక్కిపడి నవ్వాడు. "ఇదేటండీ! నా కాలు నా మాట ఇనడం నేదు!"

నేను నవ్వలేదు. రెండో మోకాలు తట్టాను. అదీ అంతే. అతని పాదం అరచేతిలో పట్టుకుని ఒక్కసారి పైకి నెట్టాను. పాదం దానంతటదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకమని నా చేతిలో అదురుతూనే ఉంది. వదిలేదాకా ఆగలేదు. దీన్ని క్లోనస్ అంటారు. కాలి నరాలు నీరసించినప్పుడు ఇది రాదు. వెన్నుపాములో కాళ్ళను అదుపులో ఉంచే దారులు దెబ్బతింటే వస్తుంది. గుండుసూదితో గుచ్చి చూశాను, స్పర్శ అంతా బాగానే ఉంది. అంటే ఇది బెరిబెరి కాదు. మొదటి రోజు కూడా కాదు.

"ఆ పిండి ఎక్కడుంది?" అన్నాను.

"గదిలో ఉందండి, డబ్బాలో."

జగన్నాథం దగ్గర గది తాళంచెవి తీసుకుని రఘునాథ్‌ను పంపాను. అతను పావుగంటలో తిరిగొచ్చాడు. డబ్బాతో పాటు చిన్న గుడ్డమూట కూడా తెచ్చాడు. విసరని గింజలు అవి. వేయించినవి, ఊరికే నమలడానికి వాళ్ళమ్మ పంపినవి. రఘునాథ్ వాటిని బల్ల మీద పోసి, నా వైపు చూడకుండా వేలితో కదుపుతూ నిలబడ్డాడు. నేనూ చూశాను. సెనగగింజకు ముక్కు ఉంటుంది, బుగ్గలు ఉంటాయి. వీటికి లేవు. బూడిద రంగు పొట్టు, గొడ్డలితో చెక్కినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి.

"బాబూ, ఇది ఖెసారి," అన్నాడు రఘునాథ్ మెల్లగా. "మా దిక్కు ఎడ్లకేస్తారు. వరి పండని ఏడు మనుషులు కూడా తింటారు. మా మామ తిన్నాడు. అచ్చం ఇలాగే నడుస్తాడు, వేళ్ళ మీద."

"ఎన్నాళ్ళకు బాగయ్యాడు?"

"బాగవలేదు బాబూ."

లోపలికెళ్ళి పుస్తకం తీశాను. లాథిరిజం. ఒక్క చిన్న పేరా. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీ పట్టి, ఇది ఎక్కడో మధ్య పరగణాల జబ్బు, మనకు కనపడదు అనుకున్న పేరా. ఖెసారి పప్పును ముఖ్య ఆహారంగా కొన్ని నెలలు తింటే కాళ్ళు బిగుసుకుపోతాయనీ, పడుచు మగవాళ్ళకు ఎక్కువ వస్తుందనీ, పోయిన శక్తి తిరిగి రాదనీ ఉంది. ఆ పేరా మూడుసార్లు చదివాను. మూడు పూటలా తినమని చెప్పింది నేను.

బయటికొచ్చి అతనికి చెప్పాను. ఈ గింజ వల్ల వచ్చిందని చెప్పాను. మూడు వారాల క్రితం నేను సరిగ్గా చూసి ఉంటే అప్పుడే ఆపించేవాణ్ణని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

"మానేస్తే తగ్గుద్దాండి?"

"ఇంక పెరగదు."

అతను నా మొహం చూస్తూ ఆ మాటను నెమ్మదిగా అర్థం చేసుకున్నాడు. "పెరగదంటే... తగ్గదనాండి?"

అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. కానీ ఉన్నట్టుండి తలెత్తి నా చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరు గారండీ, మా నాన్న దీన్ని బడిలో బోర్డు మీద రాసేరండి."

"దేన్ని?"

"మీరు సెప్పిందంతా నేను ఉత్తరంలో రాసి పంపేను. నాన్న బడిలో అందరికీ సదివి ఇనిపించేరు. మా ఊల్లో ఇప్పుడు పిల్లలందరూ తింటన్నారు. డాక్టరు పిండి అంటారండి దాన్ని."

ఈ వృత్తిలో చావులు చూశాను, కలరా చూశాను. ఏదీ నన్ను ఆ ఒక్క మాటంత భయపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి మోటారు బస్సులో దిగపహండి వెళ్ళి, అక్కడి నుంచి ఎడ్లబండి మాట్లాడుకున్నాను. బస్సు ఎంత కుదిపినా నాకు తెలియలేదు. ఎంతమంది పిల్లలు, ఎన్ని నెలలు, ఎన్ని పూటలు అనే లెక్కలే తల నిండా.

బడి అంటే పొడుగాటి తాటాకు పాక. లోపల పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు. నల్లబల్ల మీద ఒక మూల, ఎవరూ చెరపకుండా చుట్టూ సుద్దతో గీత గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. పైన 'డాక్టరు పిండి'. కింద నా మాటలే వరసగా ఉన్నాయి. 'సెనగలు, దొరక్కపోతే చిన్న సెనగలు' అన్న ముక్క మాత్రం నాది కాదు. అన్నిటికన్నా అడుగున, 'బరంపురం డాక్టరు గారి సలహా' అని ఉంది.

పంతులు గారు నన్ను చూసి గుర్తుపట్టలేదు. పేరు చెప్పగానే ఆయన చేతిలోని బెత్తం కింద పడిపోయింది. "తమరే ఒచ్చేరా! పిల్లలూ, లెగండి! నమస్కారం పెట్టండి. ఆ డాక్టరు గారు ఈయనే!"

పిల్లలంతా ఒక్కసారి లేచి, ఒక్క గొంతుతో "నమస్కారమండీ" అన్నారు.

ముందు పరీక్ష చేద్దామనుకున్నాను. "పంతులు గారూ, వీళ్ళని ఒక్కొక్కరినీ మడమల మీద నడిపించండి. వేళ్ళు నేలకు తగలకూడదు," అన్నాను. ఈ జబ్బు మొదలైతే ముందు పోయేది మడమల మీద నడక. పిల్లలకు అది ఆటలా ఉంది. కిచకిచ నవ్వుతూ బాతుల్లా నడిచారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వస్తుంటే నా ఊపిరి కొంచెం కొంచెం తేలికపడుతోంది. అప్పుడు ఒక కుర్రాడు రెండడుగులు వేసి ముందుకు తూలాడు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత పదేళ్ళ ఆడపిల్ల. ఎన్నిసార్లు మడమ ఆనించినా పాదం దానంతటదే వేళ్ళ మీదికి లేచిపోతోంది. మిగతా పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. పంతులు గారు కూడా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

ఆయన్ని పాక వెనక్కి తీసుకెళ్ళి అంతా చెప్పాను. "నేను సెనగలన్నాను పంతులు గారూ."

"సెనగలు మాకెక్కడియి బాబూ? అవి ప్రియం. బజార్లో అడిగితే ఇయి సిన్న సెనగలన్నారు. ఎడ్లకి కూడా ఏస్తారన్నారు, అయితే ఏటనుకున్నాను. పిండి సేస్తే రంగు ఒక్కటే." అక్కడితో ఆగి, గొంతు తగ్గించి, "మావోడు?" అన్నారు.

చెప్పాను. ఆయన కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని చుట్టూ చూసి, ఏమీ లేక నిలబడే ఉండిపోయారు.

వాళ్ళ ఇల్లు బడి పక్కనే. డాక్టరు వచ్చాడని అప్పటికే కబురందింది. మేం వెళ్ళేసరికి పార్వతమ్మ గారు, జగన్నాథం తల్లి, గుమ్మంలో ఎదురొచ్చారు. చేతిలో ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో నిమ్మకాయలంత ఉండలు.

"తినండి బాబూ. మీ పిండే. మీకని నెయ్యి ఏసి కట్టేను."

పళ్ళెం అందుకున్నాను. ఎందుకు అందుకున్నానో తెలియదు. ఆవిడ నేను తినడం కోసం చూస్తూ నిలబడింది. నెయ్యి వాసన వస్తోంది. "అమ్మా, ఇది ఇంక ఎవరికీ పెట్టకండి," అన్నాను.

ఆవిడ కంగారుపడింది. "పురుగేటైనా పడిందా? మూడుసార్లు సెరిగేనే!"

అప్పుడు పంతులు గారే చెప్పారు. ఆయన రెండే మాటల్లో చెప్పారు, పిల్లలకు అర్థం కాని పాఠం చెప్పినట్టు, ఎవరి వైపూ చూడకుండా. ఆవిడ వింది. నా చేతిలోని పళ్ళెంలోంచి ఒక ఉండ తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

"నా సేత్తో ఏపేను బాబూ. వారం వారం ఏపేను. వాడికి సాలదేటోనని, మూడు పూటలా తినమన్నారని రాసేడని, మొన్న రెండింతలు ఏపి పంపేను."

ఆ మూడు పూటల మాట ఎవరిదో ఆవిడకు చెప్పాలి. చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపలికెళ్ళి పిండికుండ, గింజల బస్తా ఒక్కర్తే ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేసింది. "దీన్ని ఎడ్లకైనా ఎయ్యొచ్చా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ పెరట్లోనే గొయ్యి తవ్వి పూడ్చిపెట్టాం. పళ్ళెంలో ఉండలు కూడా.

సాయంత్రం దాకా పంతులు గారూ నేనూ ఇంటింటికీ తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ఆయన "నేను రాసిందే తప్పు" అని మొదలుపెడితే, "నేనే ఆ డాక్టర్ని" అని నేను అందుకోవలసి వచ్చేది. కొంతమంది నమ్మలేదు. ఒక పెద్దాయన మా మీదికే వచ్చాడు. "మా ఇంట్లో అందరం తింటన్నాం. ఎవులికీ ఏటీ అవ్వనేదు. అప్పుడు తినమన్నది మీరే, ఇప్పుడు ఇసమన్నది మీరే. ఏటి మీ మాట?" అన్నాడు. అన్నంతో పాటు కాస్త కాస్త తిన్నవాళ్ళకు ఏమీ కాదనీ, అదే తిండిగా బతికినవాళ్ళనే పడేస్తుందనీ చెప్పాను. జగన్నాథం సంగతి చెప్పాను. అతన్ని ఆ ఊళ్ళో అందరూ ఎరుగుదురు. పోటీల్లో పరుగెత్తి గెలిచేవాడట. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. ఆ పెద్దాయన లోపలికెళ్ళి డబ్బా తెచ్చి ఇచ్చాడు.

బరంపురం తిరిగొచ్చి హెల్త్ ఆఫీసరుకు రాశాను. ఖెసారి తినొద్దని సంతల్లో టముకు వేయించారు. మడమల మీద నడవలేకపోయిన ముగ్గురిలో కుర్రాళ్ళిద్దరికీ, మొదట్లోనే ఆపడం వల్ల, వేసవి నాటికి బిగువు సడలింది. ఆడపిల్లకు ఎడమ మడమ మాత్రం నేలకు పూర్తిగా ఆనలేదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా అలాగే నడిచేదని విన్నాను.

జగన్నాథాన్ని విశాఖపట్నం పెద్దాసుపత్రికి నేనే వెంటబెట్టుకెళ్ళాను. వాళ్ళూ పుస్తకంలో ఉన్న మాటే చెప్పారు. అతను పరీక్ష రాశాడు, పాసయ్యాడు. బి.ఏ. చదవలేదు. బరంపురంలోనే ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాడు. కూర్చుని చేసే పని. రెండు కర్రలతో నడిచేవాడు.

ఆ శీతాకాలంలోనే నేను అడిగి మరీ ఆ రీడింగ్ రూముకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి నోటితో చెప్పి ఊరుకోలేదు. సరుకులు పట్టుకెళ్ళి బల్ల మీద పోశాను. ఒక పక్క సెనగలు, వాటి పక్కనే ఖెసారి. ప్రతివాడినీ లేచి వచ్చి చేత్తో ముట్టుకుని చూడమన్నాను. తర్వాత జరిగిందంతా చెప్పాను. మూడు పూటల మాట కూడా దాచలేదు. అప్పుడు వెనక నుంచి ఒకతను లేచి, "మరి ఇప్పుడు మీరు సెప్పింది ఎలా నమ్మాలండి?" అని అడిగాడు. పక్కవాళ్ళు కూర్చోమని అతని చొక్కా లాగారు.

"నమ్మకండి," అన్నాను. "తినేది నాకు తెచ్చి చూపించండి. నేను చూశాక తినండి."

తీరిక లేని బతుకులు వాళ్ళవి, తినడం మాత్రం మానలేరు. అందుకని ఆ రోజు తయారీలు ఒకటొకటిగా, సరుకులు చేత్తో చూపిస్తూ చెప్పాను. పెసలు పడుకోబోయే ముందు నానేసి, పొద్దున్న తడిగుడ్డలో మూటకట్టి మేకుకు తగిలించి కాలేజీకి వెళితే, మర్నాటికి మొలకలొస్తాయి. ఉప్పు, నిమ్మకాయ పిండితే చాలు. అటుకులు కడిగి పెరుగు పోస్తే నిమిషంలో ఫలహారం. అందులో గుప్పెడు వేరుసెనగలు వేస్తే బలం. ఉలవలు ఆదివారం ఉడకబెట్టుకుంటే గుగ్గిళ్ళు రెండు పూటలకొస్తాయి. గుడ్లు తినేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఏదైనా సరే, ఏ ఒక్కదాని మీదే బతకొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది లేచి వచ్చి ఆ గింజలు మళ్ళీ చూశారు.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం జగన్నాథం మా ఇంటికొచ్చాడు. అప్పుడప్పుడు వచ్చేవాడు. పత్రికల సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు ఎందుకో నేనే ఆ విషయం ఎత్తాను. నా తప్పు మర్చిపోలేకపోతున్నానన్నాను.

"మీరు సుత్తి తియ్యనేదని అంటారు గానండి, నేను దాన్ని ఎప్పుడూ తలుసుకోను. ఇంకోటి తలుసుకుంటాను. మొదటి రోజు మీ బెంచీ మీద కూకున్నానా? ఆకలేసి ఆ గింజలే నములుతా కూకున్నాను. గంటసేపు. రఘునాథ్ గారు నా పక్క నుంచి రెండుసార్లు అటూ ఇటూ ఎల్లేరు. ఏం తింటన్నావని మీరు అడిగేరు, పిండని సెప్పేను. ఏదీ, సూపించు అని ఉంటే... జేబులోనే ఉన్నాయండి."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. ఏం తింటున్నావని అడిగితే మనిషి ఒక పేరు చెబుతాడు. ఆ పేరు వెనక ఉన్న వస్తువు వేరే కావచ్చు. దాని ధర, బజారు, అమ్మినవాడి మాట, వండినవాళ్ళ ప్రేమ అన్నీ కలిసి దాన్ని మార్చేసి ఉండొచ్చు. మంచి సలహా చెప్పానన్న తృప్తితో ఆ వస్తువును కళ్ళతో చూడకుండా వదిలేశాను. ఆ తర్వాత ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ, తిండి గురించి ఎవరికి ఏం చెప్పవలసి వచ్చినా, ముందు ఇంట్లో ఉన్నది తెచ్చి నా బల్ల మీద పొయ్యమనేవాణ్ణి. బియ్యం, పప్పు, పిండి, నూనె, ఏదైనా సరే. కాళ్ళు బరువన్న ప్రతివాడి మోకాళ్ళనూ తట్టి చూసేవాణ్ణి. ఒక్కొక్కరికి అరగంట పట్టేది. నా దగ్గరికొస్తే పూట గడిచిపోతుందని ఊళ్ళో చెప్పుకునేవారు. బెంచీ మీద వాళ్ళు గొణిగేవారు. గొణగనిచ్చేవాణ్ణి.